నిన్నటి కమాండ్ ఇవాళ ఎందుకు చెల్లదు?

కొన్నేళ్ల క్రితం ఓ కాలేజీలో సర్వర్లు చూసుకునే మిత్రుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ఉబుంటు 14.04 మీద నడుస్తున్న సర్వర్‌ను ఆ సాయంత్రమే 16.04కి మార్చాడు. అంతా సవ్యంగానే ఉంది, ఒక్క చిన్న స్క్రిప్ట్ తప్ప. మెమరీ నిండిపోతే మెయిల్ పంపాల్సిన ఆ స్క్రిప్ట్, ప్రతి ఐదు నిమిషాలకోసారి ‘ఇన్‌వాలిడ్ ఆప్షన్’ అని ఒకే ఎర్రర్‌ను లాగ్‌లో రాస్తోంది. అది ఎప్పుడో వెళ్లిపోయిన ఉద్యోగి రాసిన స్క్రిప్ట్. లోపల ఉన్నది ‘ఫ్రీ’ అనే కమాండ్, దాని పక్కన ‘మైనస్ ఓ’ అనే ఆప్షన్.

అరగంట తర్వాత మళ్లీ ఫోన్. ‘‘ఒరేయ్, ఆ మైనస్ ఓ తీసేశాను. ఎర్రర్ పోయింది. పడుకో’’ అన్నాడు.

ఎర్రర్ పోయిన మాట నిజమే. అసలు చిక్కు మాత్రం అప్పుడే మొదలైంది.

లైనక్స్‌లో కంప్యూటర్ మెమరీ ఎంత వాడకంలో ఉంది, ఎంత మిగిలింది అని అడగడానికి ‘ఫ్రీ’ కమాండ్ వాడతారు. చూడటానికి ఇంతకన్నా తేలికైన ప్రశ్న లేదు. కానీ ‘మిగిలింది’ అనే మాటకు అర్థం చెప్పడం అంత తేలిక కాదు. కిరాణా కొట్టు కౌంటర్‌ను గుర్తు తెచ్చుకోండి. బేరాలు లేనప్పుడు కొట్టతను ఆ ఖాళీ చోటులో తరచూ అమ్ముడయ్యే సరుకులు పెట్టుకుంటాడు. ఎవరైనా పెద్ద మూటతో వస్తే చప్పున పక్కకు జరుపుతాడు. లైనక్స్ కూడా అంతే. ఏ ప్రోగ్రామ్‌కూ అక్కర్లేని మెమరీలో, ఇంతకుముందు డిస్క్ నుంచి చదివిన ఫైళ్ల నకళ్లను దాచుకుంటుంది. ప్రోగ్రామ్ అడిగితే వాటిలో చాలావరకు వదిలేస్తుంది. మరి కౌంటర్ నిండినట్టా, ఖాళీగా ఉన్నట్టా?

పాత ‘ఫ్రీ’ రెండు సమాధానాలూ ఇచ్చేది. మొదటి వరుసలో నకళ్లతో కలిపిన లెక్క. దాని కింద ‘బఫర్స్, కాష్’ అనే రెండో వరుసలో నకళ్లను మినహాయించిన లెక్క. ఆ కింద స్వాప్ వరుస, అంటే మెమరీ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు. ఈ మధ్య వరుస అక్కర్లేదనుకున్న వాళ్ల కోసమే ‘మైనస్ ఓ’ ఉండేది. ఆ ఒక్క వరుసను దాచడమే దాని పని.

2014లో పరిస్థితి మారింది. ఆ ఏడాది వచ్చిన లైనక్స్ కెర్నెల్ 3.14, స్వాప్ జోలికి పోకుండా కొత్త ప్రోగ్రామ్‌లకు ఎంత మెమరీ ఇవ్వగలదో తానే అంచనా వేసి చెప్పడం మొదలుపెట్టింది. నకళ్లన్నీ వదిలేయగలిగినవి కావు కాబట్టి, పాత మధ్య వరుస కంటే ఇది నిజానికి దగ్గరి లెక్క. ‘ఫ్రీ’ని తయారుచేసే ప్రాక్‌పీఎస్ ఎన్‌జీ బృందం అదే ఏడాది తెచ్చిన 3.3.10 వెర్షన్‌లో ‘అవైలబుల్’ అనే కొత్త నిలువు గడి పెట్టి, మధ్య వరుసను తీసేసింది. దాచడానికి వరుసే లేనప్పుడు దాచే ఆప్షన్ ఎందుకు? ‘మైనస్ ఓ’ కూడా పోయింది. ఉబుంటు 14.04లో ఉన్నది 3.3.9. 16.04లో వచ్చింది 3.3.10. మిత్రుడి సర్వర్ ఆ సాయంత్రం దాటిన గీత ఇదే.

మరి కమాండ్ ఆ మాట చెప్పొచ్చు కదా? ‘ఈ ఆప్షన్ తీసేశాం, ఇకపై ఇలా చూడండి’ అనొచ్చు కదా? అనదు. ఎందుకంటే ఆ ఎర్రర్ వాక్యం సాధారణంగా ‘ఫ్రీ’ది కాదు. కమాండ్లు తమ ఆప్షన్లను విడదీసి చదివే పనిని ‘గెట్‌ఆప్ట్’ అనే ఉమ్మడి లైబ్రరీ ఫంక్షన్‌కు అప్పగిస్తాయి. దాని దగ్గర చెల్లే అక్షరాల జాబితా మాత్రమే ఉంటుంది. నిన్నటిదాకా ఉండి పోయిన అక్షరానికీ, ఎన్నడూ లేని అక్షరానికీ దాని దృష్టిలో తేడా లేదు. రెండింటికీ అదే ముక్తసరి జవాబు.

అయినా ఆ ముక్తసరి జవాబులోనూ ఒక ఆనవాలు ఉంటుంది. ఉబుంటు, డెబియన్, రెడ్ హ్యాట్ లాంటి వాటిలో వాడే జీలిబ్‌సీ లైబ్రరీ ‘ఇన్‌వాలిడ్ ఆప్షన్’ అంటుంది. కంటెయినర్లలో ఎక్కువగా కనిపించే ఆల్పైన్ లైనక్స్‌లోని మజిల్ లైబ్రరీ ‘అన్‌రికగ్నైజ్డ్ ఆప్షన్’ అంటుంది. మ్యాక్, కొన్ని బీఎస్‌డీలు సాధారణంగా ‘ఇల్లీగల్ ఆప్షన్’ అంటాయి. అంటే ఎర్రర్‌లోని ఒక్క విశేషణంతో, మన ముందున్నది ఏ ఇంటి కమాండో చాలాసార్లు ఊహించవచ్చు. యాసను బట్టి జిల్లా చెప్పినట్టన్నమాట.

ఏ ఇంటిదో తెలియడం ఎందుకంటే, పేరు ఒకటైనంత మాత్రాన కమాండ్ ఒకటి కాదు. ఆల్పైన్‌లో ‘ఫ్రీ’ అనేది ప్రాక్‌పీఎస్ నుంచి వచ్చినది కాదు. బిజీబాక్స్ అనే ఒకే చిన్న ప్రోగ్రామ్ వందల కమాండ్ల పేర్లు పెట్టుకుని పనిచేస్తుంది, అందులో ఇదొకటి. మన లాప్‌టాప్‌లో అంకెలను గిగాబైట్లలో చక్కగా చూపే ‘మైనస్ హెచ్’, పాత బిజీబాక్స్‌లలో లేనే లేదు. మ్యాక్‌లో అసలు ‘ఫ్రీ’యే ఉండదు. అక్కడ ‘వీఎం స్టాట్’ అని ఉంటుంది, అది బైట్లలో కాకుండా పేజీల్లో లెక్క చెబుతుంది. ఆ పేజీ ఇంటెల్ మ్యాక్‌లలో 4,096 బైట్లు, ఆపిల్ సొంత చిప్‌ల మీద 16,384 బైట్లు. గుణించేటప్పుడు ఇది మర్చిపోతే లెక్క నాలుగింతలు తప్పుతుంది.

కాబట్టి ఆప్షన్ చెల్లదని ఎర్రర్ వచ్చినప్పుడు మొదట అడగాల్సింది ‘దీన్ని ఎలా పోగొట్టాలి’ అని కాదు, ‘నేను ఎవరితో మాట్లాడుతున్నాను’ అని. షెల్‌లో ‘టైప్’ అని రాసి పక్కన కమాండ్ పేరు ఇస్తే, అది ఏ ఫోల్డర్ నుంచి వస్తోందో, ఎవరైనా మారుపేరు తగిలించారో తెలుస్తుంది. తర్వాత వెర్షన్ అడగాలి. ఆ తర్వాత ఆ మిషన్‌లోనే ‘మ్యాన్’ పేజీ తెరవాలి. ఆ మిషన్‌లోనే అని నొక్కి చెప్పడానికి కారణముంది. ఇంటర్నెట్‌లో మొదట దొరికే మ్యాన్ పేజీ ఏ వెర్షన్‌దో చాలామంది చూడరు.

వీటన్నిటికన్నా ముందు ఇంకో పని. కమాండ్ వాట్సాప్ ద్వారానో, వర్డ్ ఫైల్ ద్వారానో వచ్చి ఉంటే ఆ గీతను చెరిపేసి కీబోర్డు మీద మళ్లీ కొట్టండి. దారిలో కొన్ని సాఫ్ట్‌వేర్లు చిన్న గీతను అందంగా ఉంటుందని పొడుగు గీతగా మార్చేస్తుంటాయి. కంటికి తేడా తెలియదు. కంప్యూటర్‌కు మాత్రం అది ఆప్షన్ కాదు, ఏదో ఫైల్ పేరు. గంటలు తినేసే ఈ జబ్బుకు మందు అరసెకను.

ఇక మిత్రుడి సర్వర్ దగ్గరికి వద్దాం. లెక్క సులువు కోసం అందులో 8,000 మెగాబైట్ల మెమరీ ఉందనుకుందాం. పాత ‘ఫ్రీ’ మొదటి వరుసలో వాడినది 7,600, ఖాళీ 400, బఫర్లు 200, కాష్ 5,000 అని చూపేది. స్క్రిప్ట్ రాసినతను తెలివైనవాడే. 7,600 లోంచి 200, 5,000 తీసేసి, ప్రోగ్రామ్‌లు నిజంగా వాడుతున్నది 2,400 అని తేల్చేవాడు. అది 7,000 దాటితే మెయిల్. ఇందుకోసం వరుసలోని మూడు, ఆరు, ఏడు గడులను అంకెలతో గుర్తుపెట్టుకున్నాడు.

కొత్త ‘ఫ్రీ’లో అదే మూడో గడిలో ఉండేది నకళ్లను ముందే తీసేసిన 2,400. ఆరో గడిలో బఫర్లు, కాష్ కలిపి 5,200. ఏడో గడిలో కాష్ బదులు ‘అవైలబుల్’, సుమారు 5,300. మైనస్ ఓ తీసేసిన స్క్రిప్ట్ ఎప్పటిలాగే తీసివేత చేసింది. వచ్చిన జవాబు మైనస్ 8,100. మెమరీ వాడకం మైనస్ ఎనిమిది వేలు! అది ఏనాటికీ 7,000 దాటదు. ఎర్రర్ లేదు, మెయిల్ లేదు, రాదు కూడా.

ఎర్రర్ వస్తున్నంత సేపూ స్క్రిప్ట్ ‘నాకు తెలియడం లేదు’ అని నిజం చెప్పింది. ఆప్షన్ చెరిపేశాక అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది. నా దృష్టిలో మొదటిదే మేలు.

నిజానికి ఆ మొదటి నిజం కూడా అందరికీ వినపడదు. చాలా స్క్రిప్టుల్లో ఎర్రర్లను చెత్తబుట్టలోకి మళ్లించే ఆదేశం ముందే ఉంటుంది. పైగా ‘ఫ్రీ’ జవాబును పైప్ ద్వారా ‘ఆక్’ లాంటి ఇంకో కమాండ్‌కు పంపితే, షెల్ చివరి కమాండ్ ఫలితాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ‘ఫ్రీ’ విఫలమైనా, ఏమీ అందని ‘ఆక్’ తన పని తాను సక్రమంగా ముగించినట్టే లెక్క. బ్యాష్‌లో ‘పైప్‌ఫెయిల్’ సెట్టింగ్ పెడితే తప్ప ఈ గుట్టు బయటపడదు.

మైనస్ ఓ వాడినవాళ్లకు కనీసం ఎర్రర్ వచ్చింది. అసలు దురదృష్టవంతులు ఏ ఆప్షనూ వాడకుండా, మూడో వరుస చదివినవాళ్లు. పాతదాంట్లో శీర్షికను లెక్కపెడితే మూడో వరుస ఆ మధ్య వరుసే. అందులో మూడో గడి వాడినది, నాలుగోది ఖాళీ. ఆ వరుస పోయాక స్వాప్ మూడో స్థానానికి జరిగింది. అందులోనూ మూడో గడి వాడినదే, నాలుగోది ఖాళీయే. గడులు అచ్చంగా అతికినట్టు సరిపోయాయి. స్క్రిప్ట్ మెమరీ అనుకుంటూ స్వాప్‌ను చదువుతుంది. బాగా నడిచే సర్వర్‌లో స్వాప్ వాడకం చాలాసార్లు సున్నా. చూసేవాళ్లకు అంతా ప్రశాంతంగా కనిపిస్తుంది.

ఇది పాత కథ అనుకోవడానికి లేదు. ‘వాడినది’ అనే గడికి ఇప్పటికి మూడు నిర్వచనాలు మారాయి. 3.3.10కి ముందు మొత్తంలోంచి ఖాళీని తీసేస్తే వచ్చేది. ఆ తర్వాత ఖాళీ, బఫర్లు, కాష్ మూడూ తీసేస్తే వచ్చేది. 4వ తరంలో మొత్తంలోంచి ‘అవైలబుల్’ తీసేస్తే వచ్చేది. ఉబుంటు 22.04లో ఉన్నది 3.3.17, 24.04లో 4.0.4. ఈ రెంటి మధ్య అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు, సర్వర్ మీద భారం ఏమీ పెరగకున్నా వాడకం అంకె సాధారణంగా కొంత పెరిగి కనిపిస్తుంది. అది చూసి కొత్త మెమరీకి ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి వెర్షన్ చూసుకోవడం మంచిది. సీడ్యాక్ తయారుచేసిన బాస్ లైనక్స్‌కు మూలం డెబియన్. కేరళ ప్రభుత్వ బడుల్లో కైట్ సంస్థ ఇచ్చే వ్యవస్థకు మూలం ఉబుంటు. మూలంలో కమాండ్ మారితే ఏదో ఒకనాడు ఆ మార్పు అక్కడికీ చేరుతుంది.

మరి స్క్రిప్ట్ ఎలా రాయాలి? ‘ఫ్రీ’ అనేది మనుషులు చూడటానికి అచ్చేసే పట్టిక. అది చెప్పేదంతా కెర్నెల్ ‘ప్రాక్’ ఫోల్డర్‌లో ఉంచే ‘మెమ్‌ఇన్ఫో’ అనే ఫైల్ నుంచే తెస్తుంది. అక్కడ ప్రతి అంకె పక్కనా దాని పేరు ఉంటుంది. వరుస సంఖ్య, గడి సంఖ్య గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ‘మెమ్ అవైలబుల్’ అనే పేరుతో మొదలయ్యే వరుసను వెతికి, పక్కనున్న అంకెను తీసుకుంటే చాలు. కొత్త పేర్లు చేరినా పాత పేరు కిందకో పైకో జరుగుతుందంతే. బాగా పాత కెర్నెల్‌లో ఆ పేరు లేకపోతే జవాబు ఖాళీగా వస్తుంది. ఖాళీ వస్తే సున్నా అనుకోకుండా ఆగిపోయి మెయిల్ పంపమని ఇంకో వరుస రాసుకోవాలి.

మర్నాడు మిత్రుడు అలాగే మార్చాడు, రెండు వరుసలతో పని అయిపోయింది. పనిలో పనిగా మిగతా సర్వర్లలో ‘ఫ్రీ’ అనే మాట ఎక్కడెక్కడ ఉందో ‘గ్రెప్’తో వెతికించాం. లైబ్రరీ సర్వర్‌లో ఒకటి దొరికింది. దాన్ని అంతకు ఏడు నెలల ముందే 16.04కి మార్చారు. ఆ స్క్రిప్ట్‌లో ఆప్షన్ ఏదీ లేదు, లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. మూడో వరుస, మూడో గడి చదువుతోంది. ఏడు నెలల గ్రాఫ్ తెరిచి చూస్తే, మెమరీ వాడకం అని రాసి ఉన్నచోట ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా సున్నా.