భోజనాలయ్యాక ఏం చూద్దాం?

శనివారం రాత్రి. భోజనాలయ్యాయి. ఇల్లాలు వంటిల్లు సర్దుకుని వచ్చి కూర్చునేసరికి ఎనిమిదిన్నర. రిమోటు అయ్యగారి చేతిలో వుంది. తెరమీద బొమ్మలు పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ కదిలిపోతున్నాయి. "అది వద్దురా, తలలు నరుక్కుంటారు" అంటారు బామ్మగారు. "అది నేను చూసేశాను" అంటాడు అబ్బాయి. "పిల్లల్ని పెట్టుకుని చూసేది కాదండీ" అని ఇల్లాలి గుసగుస. చూస్తూండగానే తొమ్మిదింబావు అయింది. అబ్బాయి తన గదిలోకీ, అమ్మాయి తన సెల్‌ఫోనులోకీ, బామ్మగారు పక్కమీదికీ చేరుకున్నారు. అయ్యగారికి రిమోటు ఒక్కటే తోడు మిగిలింది!

నెలనెలా డబ్బు కట్టి తెచ్చుకున్న వినోదం చాలా ఇళ్ళల్లో ఇలాగే తెల్లవారుతున్నది.

1984లో దూరదర్శన్‌లో 'హమ్‌లోగ్' వచ్చినప్పుడుగానీ, 1987లో 'రామాయణ్' మొదలైనప్పుడుగానీ ఈ చిక్కు లేదు. వున్నదొక్కటే ఛానలు. హిందీ రానివాళ్ళు కూడా ఆదివారం పొద్దున్నే తలంట్లు కానిచ్చి, టీవీ వున్నవారింటికి వెళ్ళి కూర్చునేవారు. అవన్నీ గొప్పవని కాదు, నేటివన్నీ చెత్త అనీ కాదు. అందరూ ఒకటే చూసేవారు, చూసినదాన్ని గురించి అందరూ మాట్లాడుకునేవారు. మనం పోగొట్టుకున్నది ఆ మాటల్ని.

అంచేత ఓటీటీలో సీరియల్ ఎంచుకోవడానికి నాకు తోచిన గీటురాయి ఒక్కటే. ఒక భాగం అయిపోయాక ఇంట్లో మాటలు మొదలవుతాయా, లేక మౌనంగా లేచిపోతారా? మాటలు మొదలైతే అది మంచి సీరియల్. ఆ లెక్కన చూడదగినవి కొన్ని చెబుతాను.

మొట్టమొదట 'పంచాయత్'. 2020 ఏప్రిల్లో ప్రైమ్ వీడియోలో వచ్చింది, హిందీలో. మొదటి విడతలో ఎనిమిదే భాగాలు. వేరే మంచి ఉద్యోగం దొరక్క ఒక పట్నం కుర్రవాడు ఉత్తరప్రదేశ్‌లోని ఫులేరా అనే పల్లెకు పంచాయతీ కార్యదర్శిగా వెళతాడు. హత్యలు లేవు, ఛేజింగులు లేవు. కుర్చీ గొడవ, సోలారు దీపం గొడవ, గోడమీది నినాదం గొడవ - ఇవే కథలు. అయితే నవ్విస్తూనే ఒకచోట గట్టిగా చురక పెడుతుంది. ఆ వూరికి ఎన్నికైన సర్పంచి ఒక స్త్రీ. అధికారం చెలాయించేది మాత్రం ఆమె భర్త. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకిచ్చింది. చట్టం కుర్చీ ఇచ్చింది. మరి అందులో ఎవరు కూర్చుంటున్నారు? మొదటి విడత చివరి భాగంలో జెండా ఎగరెయ్యడానికి ఆ ఇల్లాలు జనగణమన నేర్చుకునే ఘట్టం వుంది. నీనా గుప్తా నటన చూసి తీరాలి.

హిందీ రాని పెద్దవాళ్ళకు బెంగ అక్కర్లేదు. ఇదే కథను మన పల్లెకు తెచ్చి 2025 జనవరిలో 'సివరపల్లి' అనే పేరుతో తెలుగులో తీశారు. అదీ ప్రైమ్ వీడియోలోనే వచ్చింది. రాగ్ మయూర్ కార్యదర్శి, మురళీధర్ గౌడ్ సర్పంచిగారి భర్త. తెలంగాణ పల్లె మాట చెవికి ఇంపుగా వుంటుంది. రెండూ చూసి ఏది బాగుందో తేల్చుకోవడం కూడా ఒక కాలక్షేపమే.

రెండోది, '90స్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'. పేరు ఇంగ్లీషైనా సంసారం అచ్చంగా మనదే. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చింది, ఆరు భాగాలు. లెక్కల మాస్టారైన తండ్రిగా శివాజీ, తల్లిగా వాసుకి, ముగ్గురు పిల్లలు. తండ్రికి ప్రతి రూపాయీ లెక్కే, ప్రతి మార్కూ లెక్కే. ఇది చూస్తున్నంతసేపూ పెద్దవాళ్ళు "మా నాన్నా ఇంతే" అంటారు. పిల్లలు తమ తండ్రివంక ఓరగా చూస్తారు. ఆ తండ్రి కోపం వెనక వున్నది కోపం కాదనీ, భయమనీ తెలిసేసరికి ఇంట్లో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకోవడం ఖాయం.

మూడోది 'కుమారి శ్రీమతి'. 2023 సెప్టెంబరులో ప్రైమ్ వీడియోలో వచ్చిన ఏడు భాగాల తెలుగు కథ. గోదావరి సీమలో ముప్ఫయ్యేళ్ళ పెళ్ళికాని పిల్ల, పూర్వులనాటి ఇల్లు తిరిగి సంపాదించుకోవాలని పంతం పట్టి, డబ్బుకోసం ఏకంగా బారు పెడుతుంది! నిత్యా మేనన్ కథానాయిక. పెళ్ళిమాటలతో ఆడపిల్లను వేధించే చుట్టాలు ఇంట్లో దిగినప్పుడు ఈ సీరియల్ పెట్టి వూరుకుంటే చాలు, మీరు నోరు విప్పి చెప్పక్కర్లేదు.

చదువుకునే పిల్లలున్న ఇంట్లో తల్లిదండ్రులు చూడవలసింది 'కోటా ఫ్యాక్టరీ'. 2019లో మొదటి విడత యూట్యూబులో వచ్చింది. 2021 నుంచి తరవాతి విడతలు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. రాజస్థాన్‌లోని కోటా పట్నంలో ఐఐటీ ప్రవేశపరీక్షకు తయారయ్యే కుర్రవాళ్ళ కథ. దీన్ని నలుపు తెలుపుల్లో తీశారు. ఆ పిల్లల బతుకులో రంగు ఎక్కడుందో చూసినకొద్దీ అర్థమవుతుంది. కోటా మనకు దూరమనుకోకండి. ఇంటర్మీడియెట్ హాస్టల్లో పిల్లవాణ్ణి దిగబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కిన తండ్రులు మన రెండు రాష్ట్రాల్లో ఎందరు లేరు! అక్కడక్కడ మోటుమాటలున్నాయి కాబట్టి ముందు పెద్దలు చూడండి. చూశాక, ఆదివారం ఫోనులో "ఎన్ని మార్కులొచ్చాయి?" అనడానికి ముందు "అన్నం తిన్నావా నాన్నా, నిద్ర పడుతోందా?" అని అడిగితే ఆ సీరియల్ చూసిన ఫలం దక్కినట్టే.

సైన్సంటే సరదా వున్న పిల్లలకు 'రాకెట్ బాయ్స్'. 2022లో, 2023లో సోనీ లివ్‌లో రెండు విడతలుగా, విడతకు ఎనిమిది భాగాలు చొప్పున వచ్చింది. హోమీ భాభాగా జిమ్ సర్భ్, విక్రం సారాభాయిగా ఇశ్వాక్ సింగ్. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడల్లా మనం మేడెక్కి చూసి చప్పట్లు కొడతాం. 1963 నవంబరు 21న కేరళలోని తుంబాలో ఎగిరిన చిన్న రాకెట్‌తో ఆ కథ మొదలైందని పిల్లలకు తెలియాలి కదా! అయితే ఇది చరిత్ర పాఠం కాదు. ఇందులో రజా మెహ్దీ అనే శాస్త్రజ్ఞుడి పాత్ర కల్పితం. "ఇందులో నిజమెంత, కల్పనెంత?" అని పిల్లల్ని పుస్తకాలు తిరగెయ్యమనండి.

పిల్లలు నిద్రపోయాక పెద్దలు చూడవలసినవి రెండు. 2020లో సోనీ లివ్‌లో వచ్చిన 'స్కామ్ 1992', పది భాగాలు. హర్షద్ మెహతా బ్యాంకుల సొమ్ముతో షేర్ల ధరలు ఎలా ఎగదోశాడో కళ్ళకు కట్టిస్తుంది. ఫోనులో షేర్లు కొని రాత్రికి రాత్రి లక్షాధికారి కావాలనుకునే మేనల్లుడుంటే వాణ్ణి కూడా కూర్చోబెట్టండి. రెండోది నెట్‌ఫ్లిక్స్‌లోని 'ఢిల్లీ క్రైమ్'. 2012 నాటి ఘోరం మీద 2019లో తీసిన మొదటి విడతకు 2020లో అంతర్జాతీయ ఎమ్మీ బహుమతి వచ్చింది. గుండె దిటవున్నవాళ్ళే చూడాలి.

ఏది పెట్టబోయేముందయినా తెరమీద చూపే వయస్సు గుర్తు చూడండి. 2021 నాటి నిబంధనల ప్రకారం యు అంటే అందరికీ. యు/ఎ పక్కన 7, 13, 16 అంకెలుంటే అంతకన్న చిన్నవాళ్ళకు పెద్దల తోడు అవసరమని. ఎ అంటే పెద్దలకు మాత్రమే.

చివరగా ఒక్క మనవి. రోజుకు ఒక్క భాగమే చూడండి. ఒకటి అయిపోగానే రెండోది దానంతటదే మొదలయ్యే ఏర్పాటొకటి వుంటుంది. దాన్ని ఆపే మార్గమూ సెట్టింగుల్లో వుంటుంది. మీకు చేతకాకపోతే అబ్బాయి చేత ఆపించండి. తెల్లవార్లూ కూర్చుని ఎనిమిది భాగాలూ మింగేస్తే మర్నాటికి తలనొప్పి తప్ప మాట మిగలదు. ఒక్కటి చూసి ఆపితే, పొద్దున్నే కాఫీ దగ్గర బామ్మగారే అడుగుతారు: "ఏమిట్రా, ఆ కార్యదర్శి కుర్రాడు వూళ్ళో వుంటాడంటావా, పోతాడంటావా?"

ఇలా ఆపి చూడడంలో వున్న రుచి, సీరియల్ చివర "సశేషం" చదివి నిట్టూర్చి, వచ్చేవారం సంచిక కోసం గుమ్మంలో కాచుకునే మీకు నేను చెప్పాలా?