అల్పకాంతి అక్వేరియంలో తివాచీ మొక్కలు: కడప కఠినజలాల నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం: అక్వేరియం అడుగున పచ్చని తివాచీలా పరుచుకొనే మొక్కలకు తీవ్రమైన దీపాలు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు తప్పనిసరి అనే అభిప్రాయం బలంగా ఉంది. మొక్క పెరిగే తీరును, నీటి ఉష్ణోగ్రతను, నీటి కాఠిన్యాన్ని గమనించి ఎంపిక చేసుకుంటే మసక వెలుతురులోనూ తివాచీ సాధ్యమేననీ, అందుకు తగిన మొక్క మన వరిమడులలోనే ఉన్నదనీ వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: తివాచీ మొక్కలు, అల్పకాంతి, కఠినజలం, మార్సీలియా, గండికోట జలాశయం.

0. ప్రవేశిక

కళాశాల వృక్షశాస్త్ర ప్రయోగశాలలో ఒక అక్వేరియం ఉంటే కిరణజన్య సంయోగక్రియను, వాయువుల వినిమయాన్ని, జలావరణ సంబంధాలను విద్యార్థి కళ్లెదుటే చూపవచ్చు. అయితే సాధారణ ఎల్.ఇ.డి. దీపం కింద నాటిన తివాచీ మొక్కలు కొన్ని వారాలలోనే పసుపుబారడం, పైకి సాగడం, పాచి పట్టడం తరచుగా కనిపిస్తుంది. దీనిని పెంపకంలో లోపంగా భావించి దీపం తీవ్రతను పెంచుతారు. దానితో పాచి మరింత పెరుగుతుంది. ఈ వైఫల్యానికి కారణాలను కొండాపురం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతపు నీటిని, ఎండను దృష్టిలో ఉంచుకొని పరిశీలిద్దాం.

1. కాంతి జమాఖర్చు

కిరణజన్య సంయోగక్రియ ద్వారా మొక్క సంపాదించే కార్బన్‌ను జమగా, శ్వాసక్రియలో వెచ్చించే దానిని ఖర్చుగా భావించవచ్చు. ఈ రెండూ సమానమయ్యే కాంతి తీవ్రతను కాంతి పరిహార బిందువు అంటారు. కాంతి అంతకంటే తగ్గితే మొక్క తన నిల్వలను తానే తిని క్షీణిస్తుంది.

మసక వెలుతురులో జమను నిర్ణయించేది ప్రధానంగా కాంతి పరిమాణమే. ఉష్ణోగ్రత పెరిగినంత మాత్రాన జమ పెరగదు. శ్వాసక్రియ మాత్రం ప్రతి 10 డిగ్రీల సెల్సియస్‌కు దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి 25 డిగ్రీల నీటిలో బతికిన మొక్కకు అదే దీపం 35 డిగ్రీల నీటిలో చాలకపోవచ్చు. వేసవిలో 40 డిగ్రీలు దాటే కడప జిల్లాలో వేడిని అదుపు చేయడమంటే మొక్కకు పరోక్షంగా వెలుతురును పెంచడమే.

కార్బన్ సరఫరాకు కూడా పరిమితి ఉంది. గాలితో సమతుల్యంలో ఉన్న 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 0.6 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ మాత్రమే కరిగి ఉంటుంది. పైగా నీటిలో ఆ వాయువు వ్యాపనం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు మందకొడిగా సాగుతుంది. కాంతిని పెంచితే కార్బన్ అవసరం పెరుగుతుంది. సరఫరా మాత్రం పెరగదు. మొక్క వాడుకోలేని వెలుతురును పాచి అందిపుచ్చుకుంటుంది. కాంతి తక్కువైతే కార్బన్ అవసరమూ తక్కువే. అందువల్ల సిలిండరు లేని తొట్టికి అల్పకాంతి ఒక అనుకూలతే.

2. పెరిగే తీరే ప్రమాణం

హెమియాంథస్, గ్లోసోస్టిగ్మా వంటి మొక్కలు చాలినంత వెలుతురులో నేలను అంటుకొని పాకుతాయి. వెలుతురు తగ్గితే వాటి కణుపుల మధ్య దూరం పెరిగి కాండం పైకి లేస్తుంది. నేలపైనో ఇసుకలోనో అడ్డంగా సాగే రన్నర్ల ద్వారా, కొమ్ముల ద్వారా వ్యాపించే మొక్కలలో ఈ చిక్కు తక్కువ. వాటి ఆకులు కొంత పొడవైనా కాండం అడుగునే ఉంటుంది.

శ్రీలంకకు చెందిన క్రిప్టోకొరైన్ పార్వా ఈ కోవలోనిది. పొట్టిగా ఉంటుంది, కాని పెరుగుదల అతి నెమ్మది. సాజిటేరియా సుబులేటా త్వరగా వ్యాపిస్తుంది. అయితే కొన్ని తొట్లలో జానెడు ఎత్తును మించుతుంది. జాలీకి కట్టి పరిచే జావా మాస్ తక్కువ కాంతిని సహిస్తుంది గాని చల్లని నీటిని కోరుకుంటుంది.

3. సున్నపురాయి నేలల నీరు

జమ్మలమడుగు ప్రాంతపు నార్జి సున్నపురాయి, పులివెందుల సమీపాన వేంపల్లె పేరుతో వ్యవహరించే డోలమైట్ శిలలు భూగర్భశాస్త్రంలో ప్రసిద్ధమైనవి. ఇటువంటి శిలల గుండా వచ్చే బోరునీరు సహజంగా కఠినజలం. పి.హెచ్. 8 వద్ద నీటిలో కరిగిన అకర్బన కార్బన్‌లో కార్బన్ డయాక్సైడ్ రూపంలో ఉండేది నూటికి 2 వంతులు మాత్రమే. మిగిలినదంతా దాదాపుగా బైకార్బొనేట్. వాలిస్నేరియా, హైడ్రిల్లా బైకార్బొనేట్‌ను వాడుకోగలవు. నీటి మాస్‌లలో ఎక్కువవాటికి ఆ శక్తి లేదు. వేడి, కాఠిన్యం రెండూ ఉన్న చోట మాస్ తివాచీ తరచూ నిరాశపరచడానికి ఇదొక కారణం.

ఆవిరైన నీటి స్థానంలో ప్రతిసారీ బోరునీటినే పోస్తే లవణాలు పేరుకుపోతాయి. తరుగును వాననీటితో గాని ఆర్.ఓ. నీటితో గాని భర్తీ చేయడం మేలు. అలంకరణకు కడప రాయిని వాడదలచినవారు అది కూడా సున్నపురాయేనని గుర్తుంచుకోవాలి.

4. మన మడులలోని మార్సీలియా

టెరిడోఫైటా పాఠాలలో పరిచితమైన మార్సీలియా మినూటా వరిమడులలో, కాలువ అంచులలో, చెరువు గట్ల మీద పెరిగే నీటి ఫెర్న్. నాలుగు పత్రకాల ఆకు దీని గుర్తు. దీని కొమ్ము బురదలో అడ్డంగా పాకుతూ కణుపు కణుపునా వేళ్లూనుతుంది. పూర్తిగా మునిగి ఉన్నప్పుడు కొత్త ఆకులు చిన్నవై, తరచుగా ఒకటి రెండు పత్రకాలతోనే వస్తాయి. ఒకే మొక్క రెండు ఆవాసాలలో రెండు రూపాలు దాల్చడం విద్యార్థికి మంచి పాఠం. కె.సి. కెనాల్ ఆయకట్టు మడులలో విద్యార్థులు వెతకదగినది దీనినే.

5. నాటే విధానం

మడి నుంచి తెచ్చిన మొక్కలపై పురుగుమందుల అవశేషాలు, నత్త గుడ్లు ఉండవచ్చు. కాబట్టి వాటిని శుభ్రంగా కడిగి, రోజూ నీరు మారుస్తూ రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి. తరువాత పలుచని తోటమట్టి పొరపై నాలుగైదు సెంటీమీటర్ల ఇసుక పరచి, కొమ్ము ముక్కలను మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో నాటాలి. మట్టిలోని సేంద్రియ పదార్థం కుళ్లి వేళ్ల చెంతనే కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది.

మొదట తొట్టిని నీటితో నింపకుండా ఇసుకను తడిగా ఉంచి, పైన పాలిథిన్ కప్పి, కొన్ని వారాలు పెంచడం మరింత ఫలప్రదం. అప్పుడు మొక్కకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సులభంగా అందుతుంది. కొమ్ములు అల్లుకొన్నాక నెమ్మదిగా నీరు నింపాలి. పాత ఆకులు రాలిపోవడం సహజం. దీపాన్ని రోజుకు 6 గంటలతో ప్రారంభించి, పాచిని గమనిస్తూ 8 గంటల వరకు పెంచవచ్చు. నీటిపైకి సాగే పొడవాటి కాడలను మొదలంటా కత్తిరించాలి. వేసవిలో మూత తీసి నీటి ఉపరితలంపై చిన్న ఫ్యాను తిప్పితే బాష్పీభవనం వల్ల నీరు చల్లబడుతుంది. తివాచీ పూర్తికావడానికి నెలలు పడుతుంది.

6. ముగింపు

స్థానిక మొక్కను ఎంచుకోవడంలో ఖర్చును మించిన ప్రయోజనం ఉంది. దక్షిణ అమెరికాకు చెందిన గుర్రపుడెక్క మన దేశానికి అలంకరణ మొక్కగానే వచ్చి చెరువులను కమ్మేసింది. పెన్నపై నిర్మించిన గండికోట జలాశయం దాదాపు 27 టి.ఎం.సి.ల నీటిని నిలుపుతుంది. ఆ నీటి కోసం కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు వంటి గ్రామాలు ఊళ్లనే వదులుకున్నాయి. తొట్టిని శుభ్రం చేసినప్పుడు పారవేసే ఒక్క రన్నరు ముక్క కాలువ ద్వారా అటువంటి జలాశయాన్ని చేరవచ్చు. అందుచేత కత్తిరించిన ప్రతి ముక్కనూ ఎండబెట్టి ఎరువులో కలపడం పాఠంలో భాగం కావాలి. మసక వెలుతురులో తివాచీ పెంచడానికి కావలసినది ఖరీదైన దీపం కాదు. మన నీటిని, మన ఎండను, మన మడిలోని మొక్కను ఎరిగి ఉండటం.