గొంతు పెంచే గాజు బుడ్లు

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక యువకుడు నన్ను పక్కకు పిలిచాడు. దుబాయి నుండి వచ్చిన వాళ్ల అన్న ఒక పాత అమెరికా సి.బి. రేడియో సెట్టును, దానితోపాటు ఒక బరువైన ఇనుప డబ్బాను తెచ్చాడట. డబ్బా మూత తీస్తే లోపల నాలుగు గాజు బుడ్లు ఉన్నాయట.

"అన్నా, ఇది పెడితే హుస్నాబాద్‌ల కూసోని కరీంనగర్ దాకా మాట్లాడొచ్చునంట గదా! కరెంటు పెట్టి సూద్దునా?" అని అడిగాడు.

"వద్దు తమ్మీ, ముందు దాని సంగతి తెలుసుకుందాం" అన్నాను. ఆ సాయంత్రం మేము మాట్లాడుకున్న సంగతులు మన కుటుంబాల్లోని పిల్లలకూ పెద్దలకూ పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

పాదిరిగార్ల కొడుకులు

ఆ గాజు బుడ్డిని వాల్వు అంటారు. వెనుకటి రోజుల్లో మన ఇళ్లలో ఉన్న పెద్ద చెక్క రేడియోలను గుర్తు చేసుకోండి. మీట తిప్పిన వెంటనే అవి పలికేవి కావు. లోపలి బుడ్లు ఎర్రగా వెలిగి వేడెక్కేదాకా కాచుకొని ఉండాలి. ఆ తరువాతే మాట వినబడేది.

మొదటి వాల్వును 1904లో ఇంగ్లండులో సర్ జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ తయారు చేశాడు. ఆయన తండ్రి కాంగ్రిగేషనల్ సంఘ పాదిరి. ఫ్లెమింగ్ కూడా జీవితాంతం విశ్వాసిగా ఉండి, క్రీస్తు పునరుత్థానాన్ని గురించి లండనులో ప్రసంగించాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ వాల్వులో సన్నని జాలీ ఒకటి చేర్చాడు. ఆయన తండ్రి కూడా కాంగ్రిగేషనల్ పాదిరే. నల్లజాతి విద్యార్థుల కోసం నడిచిన టలడీగా కళాశాలకు ఆ తండ్రి అధ్యక్షుడుగా పనిచేశాడు.

చెరువు తూము వంటిది

వాల్వు పని రైతుకు సులువుగా అర్థమవుతుంది. చెరువు నిండా నీళ్లున్నాయి. తూము దగ్గర ఒక మనిషి చేత్తో మీట కొద్దిగా తిప్పితే కాలువ నిండా నీళ్లు పారుతాయి. తిప్పిన బలం కొంచెమే, పారిన నీళ్లు మాత్రం ఎన్నో.

వాల్వులో వేడెక్కిన కడ్డీ నుండి ఎలక్ట్రాన్లు బయలుదేరుతాయి. ఎక్కువ వోల్టేజీ ఉన్న ప్లేటు వాటిని లాగుకుంటుంది. నడుమనున్న జాలీయే తూము. చిన్న సంకేతం జాలీకి అందితే, అదే తీరున పెద్ద ప్రవాహం హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. గాలి అడ్డు రాకుండా బుడ్డిలోని గాలినంతా తీసివేస్తారు.

1947లో ట్రాన్సిస్టరు వచ్చాక ఇంటి రేడియోల్లో వాల్వులు మెల్లగా పోయాయి. పెద్ద ప్రసార కేంద్రాల్లో మాత్రం చాలాకాలం నిలిచాయి. సీషెల్స్ దీవుల నుండి 1970 మొదలు 2003 వరకు ఫీబా రేడియో, శ్రీలంకలోని పుత్తలం నుండి ట్రాన్స్ వరల్డ్ రేడియో తెలుగు సువార్త కార్యక్రమాలను మన పల్లెలకు చేర్చాయి. గుడి లేని ఊళ్లో కూడా రాత్రిపూట రేడియో చుట్టూ కూర్చొని వాక్యం విన్నవారు మనలో ఎందరో ఉన్నారు.

డబ్బాలోని ప్రమాదం

అమెరికాలో సామాన్యులు మాట్లాడుకొనుటకు 1958లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర సి.బి. పట్టీని ఇచ్చారు. 1970లలో లారీ డ్రైవర్ల మూలంగా అది దేశమంతా పాకింది. అక్కడ అనుమతి 4 వాట్లకే. అది చాలదని కొందరు టీవీల కోసం తయారైన వాల్వులతో వందల వాట్ల ఆంప్లిఫయర్లు కట్టి అమ్మారు. అది అక్కడి చట్టానికి విరుద్ధం. మన తమ్ముని డబ్బా ఆ జాతిదే.

దానిలో మూడు చిక్కులున్నాయి.

మొదటిది ప్రాణానికి. ప్లేటు మీద 700, 800 వోల్టులు, కొన్నిటిలో అంతకు మించి ఉంటాయి. ప్లగ్గు పీకినా లోపలి కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉండవచ్చు. మూత తీసి వేలు పెట్టినవాడు మళ్లీ లేవకపోవచ్చు. పైగా అమెరికా ఇళ్ల కోసం చేసిన డబ్బా 120 వోల్టులది. దానిని మన 230 వోల్టులకు తగిలిస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది.

రెండవది పొరుగువారికి. సరిగా లేని ఆంప్లిఫయరు తన పట్టీలోనే ఉండదు. 27కు రెట్టింపు 54, మూడింతలు 81, నాలుగింతలు 108 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా చప్పుడు చేస్తుంది. 108 పైన విమానాలకు దారి చూపే సంకేతాలున్నాయి. మన ముచ్చట కోసం ఎవరి ప్రాణమో అపాయంలో పడవచ్చు.

మూడవది చట్టానికి. మన దేశంలో 2005లో ఈ పట్టీలో లైసెన్సు మినహాయింపు ఇచ్చినప్పుడు 5 వాట్లే హద్దుగా పెట్టారు. అధికారులకు లోబడుమని రోమా పత్రిక 13వ అధ్యాయం మనకు నేర్పుతున్నది గదా. ఎవరూ చూడని గదిలో, ఎవరికీ కనబడని తరంగాల్లో కూడా విశ్వాసి నమ్మకంగా ఉండాలి.

ఇంత చేసినా దక్కేది కొంచెమే. శక్తిని నాలుగింతలు చేస్తే, వినేవాని మీటరు మీద పెరిగేది ఒక్క గీత. 4 వాట్లను 64 చేస్తే రెండే గీతలు. అందుకే అనుభవజ్ఞులైన హామ్‌లు వాట్లు పెంచేముందు ఏరియల్‌ను మంచిదిగా చేసుకుంటారు.

మంచి దారి ఉంది

రేడియో మీద ఆశ ఉండటం తప్పు కాదు. దానికి సక్రమమైన దారి ఉంది. 12 ఏళ్లు నిండినవారు పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు పొందవచ్చు. వారినే హామ్‌లు అంటారు. హైదరాబాదులో 1983లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఎందరికో ఈ విద్య నేర్పింది.

2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు, ఆమె బృందం అండమాన్ దీవుల నుండి ప్రపంచ హామ్‌లతో మాట్లాడుతున్నారు. క్రిస్మస్ మరునాడు, 26వ తేదీ ఆదివారం ఉదయం సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. ఆటకోసం పెట్టిన సెట్టే ఆ దినాన ఆపన్నుల గొంతు అయింది. ఫలానావారు క్షేమమన్న కబురు కోసం ఏడుస్తున్న కుటుంబాలకు ఆ తరంగాల మీదనే ఓదార్పు చేరింది.

ప్రియ పాఠకులారా, హోరేబు కొండ మీద ఏలీయాను జ్ఞాపకం చేసుకోండి. కొండలను బద్దలు చేసే గాలి వచ్చింది, భూకంపం వచ్చింది, అగ్ని వచ్చింది. వాటిలో దేవుడు ప్రత్యక్షం కాలేదు. అన్నిటి తరువాత మెల్లని స్వరంలో ఆయన తన సేవకునితో మాట్లాడాడు. గొంతు ఎంత పెద్దదని కాదు, ఆ గొంతు ఎవరికి మేలు చేసిందని మన ప్రభువు చూస్తాడు.

మా యువకుడు ఆ డబ్బాకు కరెంటు పెట్టలేదు. తెలిసిన మెకానిక్‌తో కండెన్సర్లు ఖాళీ చేయించి, వైరు కోయించాడు. ఇప్పుడు అది సండే స్కూలు గదిలో అలమరపై ఉంది. పిల్లలకు వాల్వు ఎలా ఉంటుందో చూపిస్తున్నాం. అతడు మాత్రం రాత్రిపూట పుస్తకం ముందేసుకొని హామ్ పరీక్షకు చదువుతున్నాడు. వాళ్ల అమ్మ నాతో, "బిడ్డ బతికిండు, సదువుకుంటుండు, అదే సాలయ్యా" అన్నది.

మన ఇళ్లలోని పిల్లల ఆశలను అణచక, సరైన దారిలో నడిపించే జ్ఞానాన్ని ప్రభువు మనకు దయచేయును గాక.