తీతువు

రాత్రివేళ తీతువు కూసినదంటే పెద్దల ముఖాలు వాడిపోవడం శ్రోతలలో చాలామంది చూచియే ఉంటారు. మంచానపడిన రోగి ఉన్న ఇల్లయితే చెప్పనక్కరలేదు. మా అమ్మమ్మ ఆ కూత చెవిని పడగానే “రామ రామ” అంటూ లేచి కూర్చునేది. ఇంత నింద మోసిన పక్షిని పగటివేళ పోల్చగలవారు మాత్రం అరుదు.

చెరువుగట్టున, తడిసిన పొలాలలో, పశువులు మేసే బీళ్ళలో వెదకండి. పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. కౌజుపిట్టకు పొడుగు కాళ్ళు తగిలించినట్లుంటుంది. తల, కంఠం, రొమ్ము నలుపు, వీపు కంచువన్నె కలసిన గోధుమరంగు, కడుపు తెలుపు. కంటిముందు ఎర్రని చర్మపు మడత కలదు. ముక్కు ఎరుపు, కొన నలుపు, కాళ్ళు పసుపు. వెనుకవేలు మరీ చిన్నది కావడంచేత కొమ్మలపై వాలదు. నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, ముందుకు వంగి పురుగునో నత్తనో ఏరుకొంటుంది.

వెన్నెల రాత్రులలోనూ దీనికి మేత సాగుతుంది. నక్కయో, కుక్కయో, బాటసారియో అటు వచ్చిన వెంటనే పసిగట్టి గగ్గోలు పెడుతుంది. తక్కిన రాత్రులు నిద్రలో ఉండి ఆ అరుపు మనం వినము. రోగి చెంత దీపం పెట్టుకొని మేలుకొన్న రాత్రి వింటాము. అపవాదుకు మూలం ఇదేనని నా అభిప్రాయం. పొంచి నడిచే వేటగాడు దీనిని తిట్టుకొన్నాడంటే అందులో కొంత న్యాయమున్నది!

ఆకాశం విరిగి పడుతుందేమోనని కాళ్ళు పైకెత్తి నిద్రిస్తుందనే మాట కూడ ఉన్నది. పాపం, అదెన్నడూ వెల్లకిల పడుకోదు.

ఇక దీని సంసారం చూడదగినది. మార్చి మొదలు ఆగస్టు వరకు గుడ్లు పెట్టే కాలం. గూడంటూ కట్టదు, నేలపై చిన్న గుంట, అందులో కొన్ని గులకరాళ్ళు, మేకపెంటికలు, అంతే. సాధారణంగా నాలుగు గుడ్లు, సన్నని కొనలు లోపలికి తిరిగి ఉంటాయి. మట్టిరంగుపై నల్లని మచ్చలు. పక్కనే నిలబడినా కంటికి ఆనవు. దంపతులిద్దరూ వంతులవారీగా 28 నుండి 30 రోజులు పొదుగుతారు. ఎండ తీవ్రమైతే కడుపు ఈకలు నీట తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తారు! పిల్లలు పుట్టిన కొద్ది గంటలకే నడుస్తాయి. తల్లి హెచ్చరిక వినగానే నేలకు కరచుకొని రాళ్ళలో రాళ్ళై పోతాయి.

తొలకరి దుక్కినాటికి గుడ్లు ఇంకా పొదుగులోనే ఉండడం కద్దు. తీతువు మీ నెత్తిమీద తిరుగుతూ అదేపనిగా అరచినట్లయితే, గుడ్లు ఆ చాళ్ళలోనే ఉన్నవని తెలియండి. చుట్టూ బారెడు నేల విడిచి దున్నితే చాలు.