పుట్టింది త్వరగా, ఎదిగింది తాపీగా

భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. అందులో జంతువులన్నిటి చరిత్ర కలిపినా సుమారు 60 కోట్ల ఏళ్లే. అంతకుముందు అత్యధిక కాలం కంటికి కనిపించని కణాలదే రాజ్యం. అందుకే జీవలోకపు రికార్డుల్లో చాలావరకు ఇప్పటికీ వాటి పేరు మీదే ఉన్నాయి.

అన్నిటికంటే పాత రేణువు

పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన ఒక జిర్కాన్ ఖనిజపు రేణువు వయసు 440 కోట్ల ఏళ్లు. భూమ్మీదే తయారైన పదార్థాల్లో ఇంతకంటే పాతది ఇంతవరకూ దొరకలేదు. పొడవు చూస్తే అర మిల్లీమీటరు కూడా లేదు. అందులోని ఆక్సిజన్ ఐసోటోపుల పాళ్లను బట్టి అప్పటికే భూమ్మీద నీరు ద్రవరూపంలో ఉండి ఉంటుందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. గ్రహం పుట్టిన 14 కోట్ల ఏళ్లకే జీవానికి కావలసిన మొదటి సరుకు సిద్ధమైందన్నమాట.

తొలి ఆనవాలు: తెగని పోటీ

జీవం ఉండేదనడానికి ఎక్కువమంది ఒప్పుకునే అతి పాత సాక్ష్యాలు కూడా పశ్చిమ ఆస్ట్రేలియాలోనే, పిల్బరా ప్రాంతపు డ్రెస్సర్ శిలల్లో ఉన్నాయి. వయసు 348 కోట్ల ఏళ్లు. అవి స్ట్రొమటొలైట్లు. లోతులేని నీటిలో సూక్ష్మజీవుల జిగురు పొర మీద సన్నని మట్టి పేరుకుంటుంది. వెలుతురు కోసం జీవులు దాని పైకి పాకి మళ్లీ పొర కడతాయి. అలా పొర మీద పొర గట్టిపడి రాయి అవుతుంది.

ఈ రికార్డును కొట్టేశామన్నవాళ్లు లేకపోలేదు. గ్రీన్‌లాండ్‌లోని ఇసువా శిలల్లో 370 కోట్ల ఏళ్ల నాటి స్ట్రొమటొలైట్లు దొరికాయని 2016లో ఒక బృందం ప్రకటించింది. రెండేళ్లకే మరో బృందం అదే చోటికి వెళ్లి, అవి రాయి నలిగి మడతపడగా వచ్చిన ఆకారాలేనని వాదించింది. చిక్కల్లా ఒక్కటే. రాయి ఎంత పాతదైతే భూగర్భంలో అంత ఉడికి, అంత నలుగుతుంది. ముందు చెరిగిపోయేది జీవి ఆనవాలే.

స్ట్రొమటొలైట్లను ప్రాణంతో చూడాలంటే పశ్చిమ ఆస్ట్రేలియాలోనే షార్క్ బే తీరానికి వెళ్లొచ్చు. అక్కడి హామెలిన్ పూల్ నీళ్లు మామూలు సముద్రం కంటే దాదాపు రెట్టింపు ఉప్పన. స్ట్రొమటొలైట్లను మేసే నత్తలు ఆ ఉప్పుకు తట్టుకోలేవు కాబట్టి అవి ఇంకా బతికి ఉన్నాయి.

మన కడప రాళ్లలోనూ

అంత పాతవి కాకపోయినా స్ట్రొమటొలైట్లు మన దగ్గరా ఉన్నాయి. కడప జిల్లా వేంపల్లె పేరుతోనే భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే డోలమైటు శిలల్లో అవి కనిపిస్తాయి. వాటికి పైనున్న పొరల్లోకి చొచ్చుకువచ్చి గడ్డకట్టిన పులివెందుల అగ్నిశిల వయసు 188 కోట్ల ఏళ్లు. కాబట్టి కిందనున్న ఈ రాళ్లు అంతకంటే పెద్దవే. తుమ్మలపల్లె గనిలో యురేనియం ఇస్తున్నదీ ఈ వేంపల్లె డోలమైటే.

అందరికీ ఒకే పూర్వీకుడు

చింతచెట్టు, చీమ, మనిషి, పెరుగులోని బ్యాక్టీరియా... అన్నిటి జన్యు లిపీ ఒకటే. వెనక్కి వెళ్తే అన్ని వంశాలూ కలిసే చోట ఉన్న ఉమ్మడి పూర్వీకుడికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న ముద్దుపేరు లూకా. 2024లో వెలువడిన ఒక అధ్యయనం దాని కాలాన్ని దాదాపు 420 కోట్ల ఏళ్ల కిందటికి జరిపింది. దానిలో సుమారు 2,600 ప్రొటీన్లకు సరిపడా జన్యువులు ఉండేవని, వైరస్‌ల నుంచి కాపాడుకునే ఏర్పాటు కూడా ఉండేదని లెక్కగట్టింది. లూకా మొట్టమొదటి కణం కాదు, ఒంటరిదీ కాదు. దానితోపాటు బతికిన మిగతావాటి వంశాలు నిలవలేదు, అంతే.

అన్నిటికంటే పేరుపడ్డ సీసా

1952లో షికాగో విశ్వవిద్యాలయంలో 22 ఏళ్ల స్టాన్లీ మిల్లర్ గాజు పాత్రల్లో నీరు, మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్ బంధించి, మెరుపులకు బదులుగా విద్యుత్ రవ్వలు పుట్టించాడు. కొద్దిరోజుల్లో నీరు గులాబీ రంగుకు, తర్వాత ఎరుపుకు తిరిగింది. అందులో ప్రొటీన్లకు మూలమైన అమినో ఆమ్లాలు దొరికాయి. గురువు హెరాల్డ్ యూరీకి అప్పటికే నోబెల్ ఉంది. పేరంతా తనకే పోతుందని ఆయన ఆ పరిశోధన పత్రంలో తన పేరు పెట్టనివ్వలేదు. మిల్లర్ 2007లో కన్నుమూశాక, ఆ రోజుల్లో ఆయన దాచి ఉంచిన సీసాలను శిష్యులు మళ్లీ పరీక్షించారు. అగ్నిపర్వతపు వాయువుల తీరుగా అమర్చిన ఒక ప్రయోగపు సీసాల్లో 22 రకాల అమినో ఆమ్లాలు తేలాయి.

కాకినాడకు చేరిన శాస్త్రవేత్త

మిల్లర్ ప్రయోగానికి దారి చూపిన ఊహ ఇద్దరిది. 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండులో జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దాదాపు ఒకే మాట అన్నారు. ఆక్సిజన్ లేని ఆదిమ భూమి మీద సముద్రం సేంద్రియ పదార్థాలతో పలుచని వేడి చారులా ఉండేదని, జీవం అందులోనే మొదలైందని హాల్డేన్ భావించాడు. 1957లో ఆయన భారతదేశం వచ్చి స్థిరపడ్డాడు, ఇక్కడి పౌరసత్వమూ తీసుకున్నాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్యవిద్యార్థుల చదువు కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు.

ఆకాశం పంపిన సరుకు

1969 సెప్టెంబరు 28న ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో 70కి పైగా అమినో ఆమ్లాలు బయటపడ్డాయి. చాలావాటిని భూమ్మీది జీవులు వాడుకోవు కాబట్టి అవి మన మట్టి నుంచి అంటినవి కావని నమ్మకం కుదిరింది. బెన్నూ గ్రహశకలం నుంచి నాసా నౌక 2023లో 121.6 గ్రాముల మట్టి తెచ్చింది. జీవులు ప్రొటీన్లకు వాడే 20 అమినో ఆమ్లాల్లో 14, డీఎన్ఏ, ఆర్ఎన్ఏలకు కావలసిన ఐదు క్షారాలూ అందులో ఉన్నాయి.

సముద్రం అడుగున 60 మీటర్ల గొట్టం

2000 డిసెంబరులో అట్లాంటిక్ అడుగున తెల్లని రాతి గొట్టాల గుంపు కనబడింది. పేరు లాస్ట్ సిటీ. అన్నిటికంటే ఎత్తయినది 60 మీటర్లు, అంటే ఇరవై అంతస్తుల మేడంత. అక్కడ రాయీ సముద్రపు నీరూ చర్య జరిపి హైడ్రోజన్ పుట్టిస్తాయి. గొట్టం గోడల నిండా సన్నని గదులు. లోపలి క్షార జలానికీ, బయటి నీటికీ ఉన్న తేడా నుంచే తొలి కణాలు శక్తి పొంది ఉంటాయని ఒక వాదం. ఇలాంటి ఊటలు ఉండి తీరాలని శాస్త్రవేత్త మైకేల్ రస్సెల్ అంతకు చాలా ముందే ఊహించాడు.

అతి చిన్న జన్యురాశి, అతి పెద్ద బ్యాక్టీరియా

దీపపు పురుగుల ఒంట్లో బతికే నాసుయా అనే బ్యాక్టీరియా జన్యురాశి 1.12 లక్షల అక్షరాలే. మనిషిది 300 కోట్లు. అయితే నాసుయా పురుగు పెట్టే తిండి మీద బతుకుతుంది. ప్రయోగశాలలో సొంతంగా పెరిగే కణానికి ఎన్ని జన్యువులు చాలునో క్రెయిగ్ వెంటర్ బృందం 2016లో తయారుచేసి చూపింది. లెక్క 473. వాటిలో 149 ఏం పని చేస్తాయో తయారుచేసినవాళ్లకే అప్పటికి తెలియదు.

రెండో కొసన థియోమార్గరీటా మాగ్నిఫికా. కరీబియన్ దీవి గ్వాడలూప్ మడ అడవుల్లో రాలి కుళ్లిన ఆకుల మీద దొరికింది. ఒకే కణం, పొడవు సుమారు ఒక సెంటీమీటరు. సూక్ష్మదర్శిని లేకుండానే చూడొచ్చు.

వేడికి, రేడియేషన్‌కు లొంగనివి

ఆసుపత్రి పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే వేడి 121 డిగ్రీలు. హిందూ మహాసముద్రపు అడుగు ఊటలో దొరికిన మెథనోపైరస్ అనే సూక్ష్మజీవి 122 డిగ్రీల దగ్గర కూడా పెరిగిందని 2008లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. డీనోకాకస్ అనే బ్యాక్టీరియా సంగతి మరీ వింత. 1956లో అమెరికాలో రేడియేషన్‌తో శుద్ధి చేసిన మాంసం డబ్బా పాడైపోతే, ఎందుకని వెతికినప్పుడు దొరికింది. మనిషిని 5 గ్రేల రేడియేషన్ చంపుతుంది, అది 5,000 గ్రేలను తట్టుకుంటుంది. డీఎన్ఏ వందల ముక్కలైనా గంటల్లో అతికించుకుంటుంది.

అన్నిటికంటే ఆలస్యమైన మలుపు

2006లో జపాన్ తీరం దగ్గర 2,533 మీటర్ల లోతు నుంచి తీసిన మట్టిలోని ఒక ఆర్కియాను (బ్యాక్టీరియాలా కేంద్రకం లేని, కానీ వేరే వంశపు సూక్ష్మజీవిని) విడిగా పెంచడానికి హిరోయుకి ఇమాచి బృందానికి 12 ఏళ్లు పట్టింది. మన పేగుల్లోని బ్యాక్టీరియాల్లో కొన్ని 20 నిమిషాల్లోనే రెండవగలవు. ఈ ఆర్కియాకు 14 నుంచి 25 రోజులు కావాలి. కేంద్రకం ఉన్న కణాలన్నిటికీ, అంటే మనకూ, దగ్గరి చుట్టాలైన ఆర్కియాల్లో ఇదొకటి. ఇలాంటి ఆర్కియా ఒకటి ఒక బ్యాక్టీరియాను తనలో ఇముడ్చుకుంది. ఆ బ్యాక్టీరియా వారసులే మన కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా. 1967లో ఈ ఆలోచనను జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ అచ్చు వేయించే ముందు ఎన్నో పత్రికలు తిప్పి పంపాయి.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. జీవం పుట్టడానికి మహా అయితే 106 కోట్ల ఏళ్లు పట్టింది. కేంద్రకమున్న కణాల పాత శిలాజాల్లో పేరున్న మన చిత్రకూట్ నాచు వయసు 160 కోట్ల ఏళ్లు. అంటే స్ట్రొమటొలైట్ల తర్వాత 180 కోట్ల ఏళ్లకు పైనే. పైగా మైటోకాండ్రియా కలయిక, తెలిసినంతలో, ఒక్కసారే నెగ్గింది. రేపు వేరే గ్రహం మీద ప్రాణి దొరికితే అది చేతులు ఊపే జీవి అయ్యే అవకాశం తక్కువ. రాయికి అంటుకున్న జిగురు పొర అయ్యే అవకాశమే ఎక్కువ.