డబ్బు కట్ అయింది... సీటు ఉన్నట్టేనా?

మైపాడులో మా మేడ ఎక్కితేనే సిగ్నల్. చెల్లి డిగ్రీ అడ్మిషన్ ఫీజు కడుతుంటే డబ్బు కట్ అయింది, స్క్రీన్ మాత్రం తిరుగుతూనే ఉంది. ‘మళ్లీ కట్టు’ అని అమ్మ కంగారు. ‘గమ్మునుండు మా’ అన్నాను.

విక్రమ సింహపురి యూనివర్సిటీ పరిధి కాలేజీలతో సహా రాష్ట్రంలో 2020 నుంచి డిగ్రీ అడ్మిషన్లు ఆన్‌లైన్‌లోనే. డబ్బు అందడం, అప్లికేషన్‌లో నమోదవడం రెండూ జరిగితేనే లావాదేవీ పూర్తయినట్టు. సగంలో ఆగితే లెక్క సరిచూసి నమోదు చేయాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. అందుకే ట్రాన్సాక్షన్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసుకోండి, స్టేటస్ చూశాకే రెండోసారి కట్టండి.

వెబ్ ఆప్షన్ల కథ వేరే. ముందు నొక్కినవాళ్లకు సీటేం ముందు రాదు! గడువు ముగిశాక అందరివీ కలిపి మెరిట్, రిజర్వేషన్ల ప్రకారం కేటాయిస్తారు. అయితే సేవ్ కాని ఆప్షన్ ఆ లెక్కలోకే రాదు. గాలివానొస్తే సిగ్నల్ పోయే మా ఊళ్లో చివరి రోజుదాకా ఆగడం కుదరదు.