మిక్సీ మోగితే బడ్జీ గొంతు ఎందుకు పెరుగుతుంది?

వంటింట్లో మిక్సీ వేయగానే హాల్లో పంజరంలోంచి గోల మొదలవుతుంది. కుక్కర్ కూత పెట్టినా అంతే. టీవీలో చర్చ వేడెక్కితే పంజరంలోనూ చర్చ వేడెక్కుతుంది. మన పెట్ షాపుల్లో లవ్‌బర్డ్స్ పేరుతో జతల లెక్కన అమ్మే పచ్చ, నీలం, పసుపు పిట్టల్లో చాలావరకు బడ్జీలే. పూర్తి పేరు బడ్జెరిగర్. తూకానికి 30, 40 గ్రాములుండే ఈ పిట్ట మన మాటలకు అడ్డంపడి మరీ ఎందుకు అరుస్తుందా అని పెంచినవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు విసుక్కునే ఉంటారు.

నిజానికి ఆ సమయంలో మనం చేసేదీ అదే. బ్యాండు మేళం పక్కన నిలబడి మాట్లాడేటప్పుడు మనకు తెలియకుండానే గొంతు పెంచేస్తాం. ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లో ఈ సంగతిని వివరించాడు కాబట్టి దీన్ని లొంబార్డ్ ప్రభావం అంటున్నారు. బడ్జీలకూ ఇది ఉందని 1998లో మనాబె, సాద్ర్, డూలింగ్ అనే పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. రొద వినిపించినప్పుడు పిట్టలు తమ పిలుపుల జోరు పెంచాయి. ఆ పరిశోధనలోనే ఇంకో విషయం ఉంది, పెంపకందార్లకు పనికొచ్చేది అదే. గట్టి పిలుపులకు మాత్రమే మేత దొరికేలా చేస్తే గట్టిగా, మెల్లని పిలుపులకు మాత్రమే దొరికేలా చేస్తే మెల్లగా కూయడం అవి నేర్చుకున్నాయి. కూత మాన్పించడం ఎవరి తరమూ కాదుగానీ, జోరు తగ్గించడం సాధ్యమే.

కూత ఎందుకు మానదో తెలియాలంటే ఆస్ట్రేలియా వెళ్లాలి. అక్కడి నడిభాగంలోని ఎండు నేలలు వీటి సొంత ఊరు. వాన ఎక్కడ పడితే అక్కడికి, గడ్డి గింజలు ఎక్కడ పండితే అక్కడికి వేల పిట్టలు గుంపుగా ఎగిరిపోతాయి. జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రవేత్త 1840లో వాటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాక పంజరం పిట్టలయ్యాయి. గుంపులో బతికే పిట్టకు తప్పిపోవడం కంటే పెద్ద ప్రమాదం లేదు. అందుకే ‘నేనిక్కడున్నా, నువ్వెక్కడ?’ అన్నట్టు చిన్న పిలుపు ఒకటి పదే పదే విసురుతుంటాయి. సెకనులో పదో వంతో, కాస్త ఎక్కువో ఉంటుంది ఆ పిలుపు. దాని బలమంతా రెండు నుంచి నాలుగు కిలోహెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. మన చెవి బాగా చురుగ్గా పనిచేసేదీ దాదాపు ఆ మేరలోనే. పిట్ట చిన్నదైనా కూత నేరుగా బుర్రలోకి దిగినట్టుండడం అందుకే.

మగ పిట్ట జత కట్టాక కొన్ని వారాల్లో ఆడదాని పిలుపును అనుకరించడం నేర్చుకుంటుంది. కొత్తగా ఒకచోట చేరిన పిట్టల పిలుపులు కూడా క్రమంగా ఒకే తీరుకు వస్తాయి. విని నేర్చుకునే ఈ శక్తి పక్షుల్లో చిలకలకు, పాడే పిట్టలకు, హమ్మింగ్ బర్డ్స్‌కు ఉంది. పక్ అనే మగ బడ్జీ 1,728 మాటలు నేర్చి గిన్నిస్ పుస్తకానికెక్కింది. అన్ని మాటలు నేర్వగల జాతికి మెత్తని ఈల ఒకటి నేర్పడం కష్టమేమీ కాదు. పక్క గదిలోంచి బడ్జీ పిలిస్తే చిన్నగా, ప్రతిసారీ ఒకేలా ఈల వేసి బదులివ్వండి. అది ఆ ఈలనో, మెల్లని కిచకిచనో తిరిగిచ్చిన వెంటనే పంజరం దగ్గరికి వెళ్లి నాలుగు కొర్రలు పెట్టండి. ఆలస్యమైతే దేనికి పెట్టారో దానికి అర్థం కాదు.

కీచుమని అరిచినప్పుడు మనలో చాలామంది ‘ష్! నోర్ముయ్!’ అని తిరిగి అరుస్తాం. పిట్ట లెక్కలో అది తిట్టు కాదు, గుంపు నుంచి వచ్చిన జవాబు. పిలుపు పనిచేసిందన్నమాట! బదులివ్వకుండా ఊరుకుంటే మొదట గోల తగ్గదు సరికదా, ఇంకా పెరుగుతుంది. ఇన్నాళ్లూ ఫలించిన పద్ధతిని అంత తేలిగ్గా ఎవరు వదులుకుంటారు? ఆ దశలో ఓపిక పట్టలేక ఒక్కసారి పరుగెత్తారా, ఇంత గట్టిగా అరిస్తేనే వస్తారని మనమే నేర్పినట్టు.

పంజరాన్ని వంటింటికి దూరంగా పెట్టడంతోనే సగం పని అవుతుంది. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకు పిట్టలు నిమిషాల్లో చనిపోగలవు కాబట్టి ఇది గోల కోసమే కాదు, ప్రాణం కోసం కూడా.

ఇక విశ్రాంతి సంగతి. అడవి బడ్జీలు పొద్దున్నే కూతలతో లేచి నీటికి, మేతకు వెళ్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండకు చెట్ల ఆకుల్లో కూర్చుని గొంతులోనే గొణుక్కుంటాయి. సాయంత్రం గూటికి చేరేముందు మళ్లీ గోల. ఈ వరసను మార్చాలని చూడటం దండగ, దానితోనే పని చేయించుకోవాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక కర్టెన్లు వేసి, పంజరానికి రెండు వైపులా పాత నూలు చీర ముక్క కప్పితే అవే సద్దుమణుగుతాయి. గాలి ఆడాలి సుమా. అరిచాయని కోపంతో గుడ్డ కప్పడం వేరు, అది బెదిరించడమే. రాత్రిపూట పది పన్నెండు గంటలపాటు చీకటి, నిశ్శబ్దం కావాలి. హాల్లో పదకొండింటిదాకా సీరియల్ చూస్తూ, తెల్లారి ఆరింటికి పిట్ట చిరాకు పడుతోందంటే తప్పెవరిది? బల్లి కదిలినా రాత్రిపూట బెదిరి రెక్కలు కొట్టుకునే పిట్టలుంటాయి, వాటికి చిన్న బెడ్‌లైటు చాలు.

పనిలేకపోవడం కూడా అరిపిస్తుంది. గింజల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంటే తిండి పని పావుగంటలో అయిపోతుంది, మిగతా రోజంతా మిగిలేది గొంతే. కొర్ర కంకిని తడిపిన కొత్తిమీర కట్టలో దూర్చి వేలాడదీయండి. తల కిందులుగా వేలాడి, ఒక్కో ఆకునూ పక్కకు లాగి, గింజను ముక్కుతో తిప్పి పొట్టు ఒలిచేస్తూ చాలాసేపు గడుపుతాయి. ఆ సేపంతా వినిపించేది పొట్టు రాలే చప్పుడే. పంజరంలో మట్టికుండ కట్టి ఉంటే, పిల్లలు వద్దనుకునేవాళ్లు దాన్ని తీసేయడం మంచిది. అడవిలో చెట్టు తొర్రలో గుడ్లు పెట్టే పిట్టకు కుండే తొర్ర. అది కనబడితే చాలు, ఆడవాటి మధ్య కీచులాటలు మొదలు.

ఒక్కటి చాలా, జతా అని అడిగితే నా ఓటు జతకే. ఒంటరి బడ్జీకి ఇంట్లోవాళ్లే గుంపు, ఎవరు గది దాటినా పిలుస్తుంది. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఇంట్లో దానికి బదులిచ్చేదెవరు? రెండుంటే కబుర్లు ఎక్కువేగానీ, కీచు తగ్గుతుంది. మూడో జత కొనేముందు మాత్రం పక్క ఫ్లాటు గోడ ఎంత మందమో ఒకసారి తట్టి చూసుకోండి.